నాలుగో రోజుకే అలవాట్లు ఆగిపోతున్నాయంటే

ఐదు కొత్త అలవాట్లు మొదలెట్టి నాలుగో రోజుకే ఆపేశాను, నా బద్ధకమేనా అని అడిగారు కదా. బద్ధకం కాదండి, ఐదూ ఒకేసారి మొదలెట్టడమే దెబ్బకొట్టింది. తెల్లారి లేవడం, కాలవ గట్టు మీద నడక, డైరీ, ధ్యానం, ఫోను తగ్గించడం, అన్నీ ఒక్క సోమవారమేనా!

1. నడక ఒక్కటే ఉంచండి.

2. అందరూ వదిలేసేది ఇదే: దాన్ని గడియారానికి కాదు, రోజూ ఎలాగూ చేసే పనికి ముడేయండి. "ఐదున్నరకి" అనుకుంటే జరగదు. "కాఫీ గ్లాసు కడిగి బోర్లించగానే చెప్పులేసుకుంటా" అనుకోండి. నేనైతే రాత్రే చెప్పులు గట్టు వైపు తిప్పి గుమ్మంలో పెట్టేవాణ్ణి. మొదటి వారం లాకుల దాకా వద్దు, వంతెన తాకి వచ్చేయండి.

3. కోనసీమ వానకి ఒకరోజు పోతే పోనివ్వండి, మర్నాడు వెళ్లండి. 21 రోజులు చేస్తే అలవాటైపోతుందనే లెక్క నమ్మకండి. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధనలో మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. 18 నుంచి 254 దాకా తేడా ఉంది. ఒకరోజు తప్పినవాళ్లకీ పెద్దగా నష్టం లేదు.

డైరీ సంగతి నడక కుదిరాక.