ఒంటికి ఆపుకోలేకపోతున్నాను, వైద్యం ఉందా?

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాల మీద అదుపు తగ్గడం), వాకర్ పట్టుకుని నడుస్తాను. ఒంటికి వస్తోంది అనిపించాక బాత్రూమ్‌కి చేరేలోపే కారిపోతోంది. చిన్నప్పటి నుంచీ ఉన్నదే కానీ ఉద్యోగంలో చేరాక టెన్షన్ ఎక్కువైంది. ఇంటికొచ్చేదాకా నీళ్లు ముట్టను. అడిగితే ‘మీ జబ్బులో ఇది మామూలే’ అంటున్నారు. మందులేమీ లేవా?
- పేరు వద్దు, వరంగల్

జవాబు: ఉన్నాయి. సెరిబ్రల్ పాల్సీ ఉన్న చాలామందికి ఈ ఇబ్బంది ఉంటుంది, నిజమే. అంతమాత్రాన వైద్యం అక్కర్లేదంటే ఎలా? మూత్రాశయం నిండుతున్నా ‘ఇప్పుడే కాదు’ అని ఆపి ఉంచే పని మెదడుది. ఆ అదుపు సరిగా లేకపోతే మూత్రాశయం నిండకముందే ముడుచుకుపోతుంది, మీకు తెలిసేసరికి టైము ఉండదు. పైగా మీరు లేచి, వాకర్ అందుకుని, తలుపు తీసి, బొందు విప్పుకోవాలి. బొందు బదులు ఎలాస్టిక్ వేయించుకోండి. కమోడ్ పక్కన పట్టుకునే కడ్డీ పెట్టించమని ఆఫీసులో అడగండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో సెరిబ్రల్ పాల్సీ కూడా ఉంది, మీరు మొహమాటపడాల్సిన పనేమీ లేదు.

నీళ్లు మానేయడం మాత్రం ఇవాళే ఆపండి. మూత్రం చిక్కబడితే ఇన్ఫెక్షన్ భయం, మలబద్ధకం; పేగు నిండి ఉంటే అది మూత్రాశయాన్ని నొక్కి ఇంకా తొందరపెడుతుంది. కాఫీ, టీ తగ్గించి, అర్జెంటు అయ్యేదాకా ఆగకుండా రెండు మూడు గంటలకోసారి వెళ్లిరండి. 3 రోజులు ఎంత తాగారో, ఎన్నింటికి వెళ్లారో, ఎప్పుడు కారిందో రాసి, ఆ కాగితంతో యూరాలజిస్ట్‌ని (మూత్ర సమస్యల డాక్టర్‌ని) కలవండి.

మూత్ర పరీక్షతో పాటు, ఒంటికి వెళ్లొచ్చాక లోపల ఎంత మిగిలిందో స్కానింగ్‌లో చూడమని అడిగి మరీ చేయించుకోండి. కాళ్లలాగే మూత్రద్వారం దగ్గరి కండరాలూ బిగుసుకుని మూత్రం పూర్తిగా పోనివాళ్లు కొందరుంటారు, వాళ్లకి ఆపే మందు ఇస్తే అసలుకే మోసం. అనుమానం ఉంటే యూరోడైనమిక్ పరీక్ష చేస్తారు, మూత్రాశయం ఎలా నిండుతోందో, ఎలా ఖాళీ అవుతోందో అందులో తెలుస్తుంది.

మందుల్లో సోలిఫెనాసిన్, టోల్టెరోడిన్ లాంటివి మూత్రాశయాన్ని శాంతపరుస్తాయి, కానీ నోరు ఎండుతుంది, మలబద్ధకం పెరగొచ్చు. మిరాబెగ్రాన్‌తో ఆ బాధ తక్కువ, బీపీ చూసుకోవాలి. కండరాల బిగువుకి బాక్లోఫెన్ వాడుతుంటే డాక్టర్‌కి చెప్పండి, అది మూత్రం మీదా ప్రభావం చూపొచ్చు. మాత్రలు పనిచేయకపోతే మూత్రాశయ కండరంలోకి బొటాక్స్ ఇంజెక్షన్లు ఇస్తారు, కొన్ని నెలలు బాగుంటుంది, తర్వాత మళ్లీ వేయించుకోవాలి. ఇంజెక్షన్ తర్వాత కొందరికి సన్నని గొట్టంతో మూత్రం తీసుకోవాల్సి వస్తుంది కాబట్టి, ఆ పనికి మీ చేతులు సహకరిస్తాయా, లేకపోతే ఇంట్లో ఎవరు చేస్తారు అన్నది ముందే మాట్లాడుకోండి.

ఇంకొకటి. మీది చిన్నప్పటి నుంచీ ఉన్నది. అలా కాకుండా ఇటీవలే ఒక్కసారిగా ఎక్కువై, నడక కూడా తేడాగా ఉంటే, చేతుల్లో తిమ్మిర్లు, మెడనొప్పి ఉంటే, ముందు న్యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్లండి. పుట్టినప్పటి మెదడు దెబ్బ వయసుతో పెరగదు కాబట్టి, మెడ దగ్గర వెన్నుపాము నొక్కుకుపోతోందేమో ఎంఆర్ఐలో చూడాలి.