అప్రెంటిస్‌లను తీసుకోబోతున్న మా అబ్బాయికి

చిరంజీవి బాబుకు పెదనాన్న దీవెనలు.

ఈ ఏడాది మీ మెషిన్ షాపులోకి అప్రెంటిస్‌లను, అంటే పని నేర్చుకునే కుర్రవాళ్లను, తీసుకుందామనుకుంటున్నానని, ప్రభుత్వం కొంత డబ్బు ఇస్తుందని విన్నానని రాశావు. తప్పకుండా తీసుకో. పనితనం ఉన్న టర్నర్, అంటే లేత్ యంత్రం మీద లోహాన్ని తిప్పుతూ కోసే పనివాడు, దొరకడం లేదని హైదరాబాద్ బాలానగర్ పారిశ్రామికవాడలో ఏ యజమానిని కదిపినా అంటాడు. నేర్పడానికి పూనుకునేవాళ్లు మాత్రం తక్కువ. నువ్వు పూనుకుంటున్నందుకు నాకు నిజంగా సంతోషంగా ఉంది. అయితే ఆ డబ్బు సంగతి నువ్వు సరిగ్గా అర్థం చేసుకోవాలి.

అంతకంటే ముందు మనుషుల లెక్క చూసుకో. అప్రెంటిస్‌ల చట్టం 1961 నాటిదే అయినా, 2019లో నిబంధనలు మారాయి. 30 మంది, ఆపైన ఉన్న సంస్థలకు అప్రెంటిస్‌లను తీసుకోవడం తప్పనిసరి అయింది. అంతకు ముందు ఈ హద్దు 40. నలుగురి నుంచి 29 మంది వరకు ఉన్నవాళ్లు ఇష్టమైతే తీసుకోవచ్చు. ఈ లెక్కలోకి కాంట్రాక్టు మనుషులూ వస్తారు. నీ జీతాల పుస్తకంలో 26 మందే ఉన్నా, కాంట్రాక్టరు పంపే 14 మందిని కలిపితే 40 అవుతుంది. అందులో 2.5 శాతం నుంచి 15 శాతం వరకు, అంటే కనీసం ఒకరిని, గరిష్ఠంగా ఆరుగురిని తీసుకోవచ్చు. ఆరుగురికి అనుమతి ఉంది కదా అని ఆరుగురినీ తీసుకోకు. మొదటి ఏడు ఇద్దరు చాలు. ఎందుకో కింద చెబుతాను.

ఇక డబ్బు. ఐటీఐ పాసైన కుర్రవాడికి 2019 నిబంధనల ప్రకారం కనీస స్టైపెండ్ (శిక్షణ కాలంలో ఇచ్చే భత్యం) నెలకు 7,000 రూపాయలు. జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద ప్రభుత్వం అందులో 25 శాతం భరిస్తుంది గానీ, నెలకు 1,500 దాటి ఇవ్వదు. కాబట్టి నీ వంతు 5,500. ఈ పథకం 2016లో మొదలైనప్పుడు యజమాని మొత్తం చెల్లించి, తర్వాత బిల్లు పెట్టి ప్రభుత్వ వాటా వెనక్కి రాబట్టుకునేవాడు. 2023 ఆగస్టు నుంచి ఆ వాటా నేరుగా కుర్రవాడి బ్యాంకు ఖాతాకే వెళ్తోంది. నా దృష్టిలో ఇది చాలా మంచి మార్పు. నీ వాటా బ్యాంకు ద్వారా వేసి, ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో నమోదు చెయ్యాలి. నువ్వు ఆలస్యం చేస్తే ప్రభుత్వ వాటా కూడా ఆగుతుంది, ఊరి నుంచి వచ్చి గది అద్దెకు తీసుకున్న పిల్లవాడికి ఒకేసారి రెండు చేతులూ ఖాళీ అవుతాయి. ప్రతి నెలా పదో తేదీ దాటనీయకు. చేరిన రోజునే వాడి ఖాతాకు ఆధార్ అనుసంధానం అయిందో లేదో మీ గుమాస్తా చేత చూపించు.

స్టైపెండ్‌ను పెంచాలని, అప్పటికి ఉన్న 5,000 నుంచి 9,000 వరకు శ్రేణిని 6,800 నుంచి 12,300 వరకు చెయ్యాలని 2025 మేలో కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి సిఫార్సు చేసింది. ఒప్పందం రాసే రోజున పోర్టల్‌లో ఏ అంకె అమల్లో ఉందో చూసుకుని రాయి. నన్నడిగితే, 7,000తో ఈ రోజుల్లో బాలానగర్‌లో బతకడం కష్టం. మధ్యాహ్న భోజనమైనా నీ ఖర్చుతో పెట్టు.

డిప్లొమా, డిగ్రీ చదివినవాళ్లకు వేరే పథకం ఉంది. అది కేంద్ర విద్యాశాఖది, మన ప్రాంతానికి సంబంధించిన బోర్డు చెన్నైలో ఉంది. అందులో ప్రభుత్వం కనీస స్టైపెండ్‌లో సగం ఇస్తుంది. నీకు కావలసింది లేత్ మీద నిలబడే పిల్లలు కాబట్టి, ప్రస్తుతానికి దాని జోలికి పోవద్దు.

శిక్షణ కేంద్రాలవాళ్లు నీ దగ్గరకు వస్తారు. ప్రోత్సాహక పథకం 2016లో మొదలైనప్పటి రూపంలో కొత్తవాళ్ల ప్రాథమిక శిక్షణకు ఒక్కొక్కరికి 7,500 వరకు ఇచ్చే ఏర్పాటు ఉండేది. ఆ పాత కాగితం చూపించి ఎవరైనా ఫీజు మాట్లాడితే, ఇవాళ అది ఎవరు కడతారో రాతపూర్వకంగా అడుగు. అయినా ఐటీఐ చదివి వచ్చినవాడికి ఆ ప్రాథమిక శిక్షణ మళ్లీ అక్కర్లేదు.

ఇప్పుడు అసలు విషయం. ఒక కుర్రవాడి మీద ఏడాదికి ప్రభుత్వం పంచుకునేది 18,000 రూపాయలు. దాన్ని మిగులుగా చూడకు. ఆ మొత్తం నేర్పే మనిషికి ఇవ్వు. మీ షాపులో సీనియర్ టర్నర్లు పీస్ లెక్కన, అంటే చేసిన ముక్కకు ఇంత అని, సంపాదిస్తారు. పక్కన కుర్రవాడిని నిలబెట్టి నేర్పమంటే ఆయన పని తగ్గుతుంది, ఇంటికి తీసుకెళ్లే డబ్బు తగ్గుతుంది. అందుకే చాలా షాపుల్లో మేస్త్రీలు పిల్లలను టీ తేవడానికి, లోహపు చిప్స్ (కోసినప్పుడు రాలే తునకలు) ఊడ్చడానికి, ఏడాది పొడవునా డీబర్రింగ్‌కు, అంటే ముక్కల అంచుల గరుకు తీయడానికి, పెడతారు. వాళ్లలో చెడ్డతనం ఏమీ లేదు, నేర్పితే వాళ్లకే నష్టమయ్యేలా యజమాని ఏర్పాటు చేశాడు. నువ్వు అలా చెయ్యకు. నేర్పే నెలల్లో ఆయన సగటు సంపాదన పడిపోకుండా హామీ ఇవ్వు, పైన కొంత కలుపు. ఒక మేస్త్రీ ఏకకాలంలో ఇద్దరికి మించి చూసుకోలేడు. నిన్ను ఇద్దరితో మొదలుపెట్టమన్నది అందుకే.

మొదట వెర్నియర్, మైక్రోమీటర్ పట్టుకుని కొలవడం, డ్రాయింగ్ చదవడం, చేత్తో ఫైలింగ్ (ఆకురాయితో రాయడం) రావాలి. తర్వాత మామూలు లేత్‌కు వాడే టూల్ గ్రైండింగ్ (కోసే పనిముట్టుకు పదును పెట్టడం), లేత్ మీద థ్రెడ్ (మర) కోయడం. కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ యంత్రాన్ని చివరికి ఉంచు. కొలత తెలియని పిల్లవాడిని సీఎన్‌సీ ముందు నిలబెడితే బటన్ నొక్కడం తప్ప ఇంకేమీ నేర్చుకోడు. నెలకోసారి ఒక ముక్క వాడి చేత పూర్తిగా చేయించి, కొలిచి, రికార్డు పుస్తకంలో రాయించు. శిక్షణ చివర జాతీయ పరీక్ష ఉంటుంది, అందులో నెగ్గితే వచ్చే ధ్రువపత్రం దేశమంతా చెల్లుతుంది. వాడి పరీక్ష రోజుల్లో ఆర్డర్ల ఒత్తిడి ఉందని ఆపకు.

చట్టం దృష్టిలో అప్రెంటిస్ కార్మికుడు కాడు, శిక్షణలో ఉన్నవాడు. అందుకే వాడికి పీస్ లెక్కన డబ్బు ఇవ్వకూడదు, ఉత్పత్తి బోనస్‌లో కలపకూడదు, అనుమతి లేకుండా ఓవర్‌టైమ్ చేయించకూడదు, శిక్షణకు సంబంధం లేని పని చెప్పకూడదు. పనిలో గాయమైతే పరిహారం బాధ్యత మాత్రం నీదే. బీమా తీసుకో. ఒప్పందం పోర్టల్‌లో నమోదు కాకుండా ఒక్క రోజు కూడా యంత్రం దగ్గరకు రానివ్వకు. పద్దెనిమిది నిండనివాడైతే తండ్రో సంరక్షకుడో సంతకం చెయ్యాలి. వాళ్లను షాపుకు పిలిచి, కొడుకు ఎక్కడ నిలబడతాడో చూపించు.

శిక్షణ అయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలని చట్టం నిన్ను నిర్బంధించదు. కానీ నియామకం విషయంలో నీ విధానం ఏమిటో నువ్వు తయారు చేసుకోవాలి. ఇవ్వగలిగితే ఎంత జీతంతో ఇస్తావో, ఇవ్వలేకపోతే ఆ మాటా మొదటి రోజే చెప్పెయ్యి.

ముందు మీ పెద్ద టర్నర్‌తో కూర్చుని మాట్లాడు. ఆయన ఒప్పుకున్నాక నాకు ఫోను చెయ్యి, నెలవారీ శిక్షణ పట్టిక ముగ్గురం కలిసి వేద్దాం.

ఆశీస్సులతో,
పెదనాన్న