కెమెరా కొనేముందు లెన్సు తేల్చుకోండి

అమెరికా వచ్చిన కొత్తలో, థాంక్స్‌గివింగ్ అమ్మకాలు దగ్గరపడుతుంటే చాలామంది "ఏ కెమెరా కొనమంటారు?" అని అడుగుతారు. మీరు వేటిని ఫొటోలు తీయబోతున్నారో, దానికి ఏ లెన్సు కావాలో ముందు తేల్చుకోండి. బాడీ (లెన్సు లేని కెమెరా) సంగతి ఆ తర్వాత.

బాడీల్లో కొత్త మోడల్ వచ్చిందంటే పాతదాని ధర పడిపోతుంది. మంచి లెన్సు మాత్రం ఏళ్ల తరబడి పనికొస్తుంది. కెనాన్ 1987లో మొదలుపెట్టిన ఈఎఫ్ లెన్సులు ఇప్పటి ఆర్ఎఫ్ మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కొత్త రకం) బాడీల మీద కూడా అడాప్టరుతో, ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తాయి. నికాన్‌తో కాస్త జాగ్రత్త. పాత లెన్సులను దాని మిర్రర్‌లెస్ బాడీలకు తగిలించే ఎఫ్‌టీజెడ్ అడాప్టరులో ఫోకస్ మోటారు ఉండదు, లెన్సులోనే ఉండాలి. ఇంటి దగ్గర నుంచి ఎవరైనా పాత లెన్సు ఇస్తామంటే దాని మీద ఏఎఫ్-ఎస్ (మోటారున్న రకం) అని ఉందో లేదో అడగండి. పాత ఏఎఫ్-డి రకమైతే చేత్తోనే ఫోకస్ చేసుకోవాలి.

చేతిలో వెయ్యి డాలర్లుంటే సగానికి మించి బాడీకి పెట్టొద్దు. క్రాప్ సెన్సర్ (పాత 35 ఎంఎం ఫిల్మంత ఉండే ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్నది) చాలు. 2014 నాటి సోనీ ఏ6000లో కూడా 24 మెగాపిక్సెళ్లున్నాయి. గోడకు తగిలించే 16×20 అంగుళాల ప్రింటుకు అవి ధారాళంగా సరిపోతాయి. ట్రైపాడు, బ్యాగు, మూడు ఫిల్టర్లు కలిపి అంటగట్టే బండిల్ జోలికి వెళ్లకండి. ఆ సామానంతా చవకబారుది. ధర మరీ తక్కువగా కనిపిస్తే అది గ్రే మార్కెట్ సరుకేమో (వేరే దేశంలో అమ్మడానికి చేసి, ఇక్కడి అధికారిక డీలరు ద్వారా కాకుండా వచ్చినదేమో) చూసుకోండి. దానికి అమెరికాలో కంపెనీ వారంటీ వర్తించకపోవచ్చు.

ఇక అసలు విషయం, వెలుతురు. సాయంత్రం అపార్ట్‌మెంటులో సత్యనారాయణ వ్రతం జరుగుతోందనుకోండి. కెనాన్ ఆర్50తో వచ్చే 18-45 కిట్ లెన్సును చివరిదాకా జూమ్ చేస్తే అపర్చర్ (కాంతి వచ్చే రంధ్రం, అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది) 6.3 దగ్గర ఆగిపోతుంది. అక్కడ షట్టర్ తెరిచి ఉండే సమయం సెకనులో 20వ వంతు వచ్చిందంటే హారతి పట్టే చెయ్యి అలుక్కుపోతుంది. అదే వెలుతురులో, అదే ఐఎస్ఓలో (కెమెరా కాంతికి స్పందించే స్థాయిలో) 1.8 అపర్చరున్న 50 ఎంఎం లెన్సు పెడితే దాదాపు 12 రెట్లు ఎక్కువ కాంతి లోపలికొస్తుంది, షట్టర్ 250వ వంతుకు చేరుతుంది. చెయ్యి స్పష్టంగా పడుతుంది. బాడీకి మరో అయిదు వందలు పోసినా ఇంత తేడా రాదు.

అయితే కెనాన్ క్రాప్ బాడీ మీద 50 ఎంఎం అంటే ఫుల్ ఫ్రేమ్ లెక్కలో 80. చిన్న హాల్లో వెనక్కి జరగడానికి చోటుండదు. గది ఇరుకైతే 24 లేదా 28 ఎంఎం ఫిక్స్‌డ్ (జూమ్ లేని) లెన్సు నయం. కిట్ లెన్సును కూడా పారేయకండి. రెండు వరుసల్లో నిలబడ్డ కుటుంబాన్ని దగ్గర నుంచి 1.8తో తీస్తే ఒక వరుసే స్పష్టంగా వస్తుంది. అపర్చర్ 5.6కు మార్చుకోవాలి, ఆ పని కిట్ లెన్సు చక్కగా చేస్తుంది.

తెలుగు సంఘం వేడుకల్లో పిల్లల కూచిపూడి తీయాలంటే షట్టర్ కనీసం 250వ వంతు, గంతులుంటే 500వ వంతు. ఆటో ఐఎస్ఓ పెట్టి గరిష్ఠం 6400 దగ్గర ఆపండి. వేదిక వెనకంతా చీకటి కాబట్టి కెమెరా ఫొటోను అతిగా వెలిగిస్తుంది, మొహాలు తెల్లగా పాలిపోతాయి. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫొటో వెలుగును పెంచే, తగ్గించే సెట్టింగు) మైనస్ 1కి తిప్పండి. మంచులో దీనికి సరిగ్గా వ్యతిరేకం, ప్లస్ 1. కొన్ని ఎల్‌ఈడీ దీపాల కింద ఫొటోలో చారలు పడతాయి. ఇక్కడి కరెంటు 60 హెర్ట్జ్, కాబట్టి కదలిక తక్కువున్నప్పుడు 60 లేదా 125వ వంతు వాడండి. ఇండియా వెళ్లినప్పుడు అక్కడి 50 హెర్ట్జ్‌కు 50 లేదా 100వ వంతు. ఈ నాలుగు ముక్కలూ చేతికి అలవాటయ్యే వరకు ఒక్క ఫిక్స్‌డ్ లెన్సే బాడీకి తగిలించి ఉంచడం మేలు.

సెకండ్ హ్యాండ్ లెన్సు కొంటే పెట్టె రాగానే ఫోన్ టార్చి ఒక వైపు నుంచి వేసి, రెండో వైపు నుంచి వాలుగా చూడండి. సాలెగూడులాంటి దారాలు కనిపిస్తే అది ఫంగస్, తిప్పి పంపేయండి. కాస్త దుమ్ము కణాలున్నా పర్వాలేదు. అపర్చర్ రేకుల మీద నూనె మెరుస్తుంటే మాత్రం వద్దు, అవి అతుక్కుపోతాయి. వాపసు గడువు ఎంతో ముందే చూసుకుని, ఈ పరీక్షలన్నీ ఆలోపే ముగించండి.

చలికాలంలో బయట తిరిగొచ్చి కెమెరాను నేరుగా వెచ్చటి ఇంట్లోకి తెస్తే దానిమీద తేమ పడుతుంది. గుమ్మం బయటే జిప్‌లాక్ సంచిలో పెట్టి, గాలి తీసి మూసి, లోపలికి తెచ్చాక రెండు గంటలు ముట్టుకోకండి. మెమరీ కార్డు మాత్రం సంచిలో పెట్టకముందే తీసి ఉంచుకుంటే, ఆలోగా ఫొటోలు కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవచ్చు.