లాక్ పెట్టే ముందు డేటా చూడు

హన్మకొండ

బిడ్డా,

నువ్వు రాస్తున్న లినక్స్ సౌండ్ డ్రైవర్‌తో పాట నడుస్తుండగా ప్లేయర్ మూసేస్తే ఒక్కోసారి కర్నల్ క్రాష్ అవుతోందని, ప్రింట్ పెట్టి చూస్తే మాత్రం రావట్లేదని రాశావు. అది రేస్ కండిషన్ లక్షణమే, అంటే ఒకే డేటాను ఇద్దరు ఒకేసారి ముట్టుకుంటే, ఎవరు ముందన్నదాన్ని బట్టి వచ్చే తప్పు. ప్రింట్ వల్ల టైమింగ్ మారి కనిపించకుండా పోతుంది, తప్పు అలాగే ఉంటుంది. పోయిందనుకుని ప్యాచ్ పంపకు.

అనుమానం వచ్చిన ప్రతి ఫంక్షన్‌లోనూ స్పిన్‌లాక్ (దొరికేదాకా నిద్రపోకుండా తిరుగుతూ ఆగే తాళం) పెడుతున్నావు, అది ఆపెయ్. లాక్ కాపాడేది డేటాను, ఫంక్షన్‌ను కాదు. ఎనుమాముల మార్కెట్‌లో ఒకే తక్‌పట్టీ (అమ్మకం లెక్క చీటీ) మీద ఇద్దరు గుమాస్తాలు రాస్తుంటే, వాళ్లలో ఒకరి గదికి తాళం వేసి ఏం లాభం? ముందు కాగితం తీసుకో. బఫర్ అడ్రస్, హార్డ్‌వేర్ ఎక్కడిదాకా చదివిందో చెప్పే పొజిషన్, స్ట్రీమ్ నడుస్తోందా లేదా అన్న ఫ్లాగ్: ఒక్కోదాన్ని ఎవరు మారుస్తారు, ఎవరు చదువుతారు, ఇంటరప్ట్‌లోనా (హార్డ్‌వేర్ పిలుపు మీద మధ్యలో నడిచే కోడ్) మామూలు ప్రాసెస్‌లోనా, అన్నీ రాసుకో.

లినక్స్ సౌండ్ వ్యవస్థ ఆల్సాలో, స్ట్రీమ్‌ను మొదలుపెట్టి ఆపే ట్రిగ్గర్, పొజిషన్ చెప్పే పాయింటర్ కాల్‌బ్యాక్‌లు (ఆల్సా పిలిచే నీ ఫంక్షన్లు) మామూలుగా స్ట్రీమ్ లాక్ పట్టుకుని, ఇంటరప్ట్‌లు ఆపి ఉన్నప్పుడే వస్తాయి. అక్కడ మ్యూటెక్స్ (దొరక్కపోతే నిద్రపోయే తాళం) వద్దు, నిద్రపోయే పని ఏదీ వద్దు. స్ట్రీమ్‌ను సిద్ధం చేసే ప్రిపేర్, ఫార్మాట్, బఫర్ సైజు కుదిర్చే హెచ్‌డబ్ల్యూ పారమ్స్‌లో ఆ ఇబ్బంది లేదు.

చాలామంది ఇరుక్కునేది ఇంటరప్ట్ హ్యాండ్లర్ దగ్గర. సొంత లాక్ పట్టుకునే, బఫర్‌లో ఒక భాగం అయిందని ఆల్సాకు చెప్పే పీరియడ్ ఎలాప్స్‌డ్‌ను పిలుస్తారు. అది లోపల స్ట్రీమ్ లాక్ అడుగుతుంది. సరిగ్గా అప్పుడే ఇంకో ప్రాసెసర్ కోర్ మీద ట్రిగ్గర్ ఆ స్ట్రీమ్ లాక్ పట్టుకుని నీ లాక్ కోసం ఆగి ఉంటుంది. ఇద్దరూ కదలరు. ఇంకో కోర్ కూడా అక్కర్లేదు: పీరియడ్ ఎలాప్స్‌డ్ లోపలి నుంచే పాయింటర్‌ను పిలుస్తుంది, అందులో నువ్వు అదే లాక్ అడిగితే నీకు నువ్వే అడ్డం. అందుకే నీ లాక్ వదిలాకే దాన్ని పిలువు.

నీ క్రాష్ మాత్రం మూసే దారిలో ఉందని నా అనుమానం. ట్రిగ్గర్ స్టాప్ హార్డ్‌వేర్‌ను ఆపుతుంది గానీ, వేరే కోర్ మీద అప్పటికే నడుస్తున్న హ్యాండ్లర్ అయిపోయేదాకా ఆగదు. ఈలోగా హెచ్‌డబ్ల్యూ ఫ్రీలో బఫర్ వదిలేస్తే, ఆ హ్యాండ్లర్ వదిలేసిన మెమరీని ముట్టుకుంటుంది. సింక్ స్టాప్ కాల్‌బ్యాక్ ఉన్నది ఇందుకే: అందులో హ్యాండ్లర్ అయిపోయేదాకా ఆగాలి. కార్డుకు సింక్ ఐఆర్‌క్యూలో ఇంటరప్ట్ నంబర్ ఇచ్చినా చాలు, ఆల్సానే ఎదురుచూస్తుంది. నువ్వే ఎదురుచూడాల్సి వస్తే, హ్యాండ్లర్‌కు కావాల్సిన లాక్ నీ చేతిలో పెట్టుకుని మాత్రం చూడకు.

కొత్తదానివని దిగులుపడకు. 2022లో ఆల్సా మూల కోడ్‌లోనే హెచ్‌డబ్ల్యూ పారమ్స్, హెచ్‌డబ్ల్యూ ఫ్రీ రెండు థ్రెడ్ల నుంచి ఒకేసారి వస్తే ఇలాంటి రేసే బయటపడింది, భద్రతా లోపాల జాబితాలో దాని నంబర్ సీవీఈ-2022-1048. ఆల్సా నిర్వాహకుడు తకాషి ఇవాయ్ బఫర్‌కు ఒక మ్యూటెక్స్ చేర్చి సరిచేశారు.

కర్నల్‌లో లాక్‌ల తప్పులు పట్టే ప్రూవ్ లాకింగ్, వదిలేసిన మెమరీని ముట్టుకుంటే పట్టే కాసాన్ ఆన్ చేసి, రాత్రంతా స్ట్రీమ్ తెరిచి మూసే లూప్ నడుపు. ఆదివారం వచ్చేటప్పుడు బోర్డు తెచ్చుకో, సీరియల్ కేబుల్ నా దగ్గరుంది.

నీ మామ