నాన్న ఖాతాలో పడ్డ రెండు వేలు

బిడ్డా,

మొన్న బస్సెక్కుతూ ఫోన్ చూపించి, "పెద్దనాన్నా, పీఎం కిసాన్ డబ్బులు నాన్న ఖాతాలో పడ్డాయి, ఏటీఎంలో తీసుకోనా" అన్నావు. చుట్టూ జనం ఉన్నారని అప్పుడు ఊరుకున్నాను. తియ్యకు. పోయిన మనిషి పేరు మీద తీసుకున్న డబ్బు తర్వాత వెనక్కి కట్టమంటారు. ఏఈఓకు, అదే వ్యవసాయ విస్తరణ అధికారికి, విషయం చెప్పి ఆపించు.

అంతకంటే ముందు రైతు బీమా, అదే రైతు పోతే ఇంటివాళ్లకు వచ్చే బీమా, దాని సంగతి చూడు. తమ్ముడికి, అంటే మీ నాన్నకు, యాభై ఏడే, బీమాకు హద్దు అయిన 59 దాటలేదు, నామినీ మీ అమ్మ. 5 లక్షలు వచ్చే కాగితం బీరువాలో పెట్టుకుని రెండు వేల గురించి టెన్షన్ పడుతున్నావు! మరణ ధ్రువీకరణ పత్రం, ఇద్దరి ఆధార్, అమ్మ పాస్‌బుక్ జిరాక్స్ పట్టుకుని రైతు వేదికకు పో.

తర్వాత విరాసత్, అంటే పోయినవాళ్ల భూమిని వారసుల పేరు మీదికి మార్చడం. మూడెకరాలు నీ పేరు మీదికి మార్చుకుందామని నీకు ఉంటుంది, కానీ అమ్మ పేరు మీదికే పెట్టించు. నీ జీతంలో ఇన్‌కం ట్యాక్స్ కట్ అవుతోంది కాబట్టి నీకు పీఎం కిసాన్ రాదు, అమ్మకైతే ఏడాదికి 6 వేలు వస్తాయి. 2019 ఫిబ్రవరి 1 తర్వాత పట్టా అయిన భూమికి ఇవ్వరని ఎవరో ఒకరు భయపెడతారు, అది కొన్నవాళ్ల సంగతి, వారసత్వంగా వచ్చిన దానికి ఆ అడ్డు లేదు. చెల్లెల్ని కూడా తహసీల్ ఆఫీసుకు పిలుచుకురా, ఉత్త సంతకం కోసం కాదు, ఆమెకూ వాటా ఉంది, ముందు ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి.

పీఎం కిసాన్‌కు ఈకేవైసీ, అంటే ఆధార్‌తో మనిషిని సరిచూసే పని, దాని దగ్గర మీ అమ్మతో కష్టం. ముప్పై ఏళ్లు పత్తి ఏరిన చేతులు, వేలిముద్ర పడదు. మీ పెద్దమ్మకు అట్లాగే మీసేవలో నాలుగుసార్లు తుడిచి తుడిచి పెట్టించినా మిషన్ ఒప్పుకోలేదు. చివరికి ఫోన్‌లో పీఎం కిసాన్ యాప్ పెట్టి, గుమ్మం దగ్గర వెలుతురులో నిలబెట్టి ముఖం చూపిస్తే నిమిషంలో అయిపోయింది. నువ్వు ఊరొచ్చినప్పుడు నీ ఫోన్‌లోనే చేసెయ్.

ఇంకొకటి, డబ్బు మనం ఫారంలో రాసిన ఖాతాలో పడదు, ఆధార్‌కు చివరిగా లింకైన ఖాతాలో పడుతుంది. నేను రెండు విడతలు రాలేదని ఆఫీసుల చుట్టూ తిరిగి, కనిపించిన వాళ్లందరినీ తిట్టి, తీరా చూస్తే ఎప్పుడో సిమ్ కార్డుతో పాటు ఎవరో తెరిపించిన ఖాతాలో నాలుగు వేలూ హాయిగా కూర్చున్నాయి. బ్యాంకుకు పోయి అమ్మ ఆధార్ ఏ ఖాతాకు లింకయి ఉందో అడుగు.

మన తెలంగాణ సర్కారు పంట పెట్టుబడికి ఇచ్చే రైతు భరోసా పట్టాదారు పాస్‌బుక్ మారాకే అమ్మకు పడుతుంది, ఎకరానికి ఏడాదికి 12 వేలు. ఎన్నికలప్పుడు 15 వేలన్నారు, కౌలు రైతుకూ ఇస్తామన్నారు, చివరికి వచ్చింది 12 వేలు, అదీ పట్టా ఉన్నవాడికే. అమ్మ ఒక్కతే సాగు చెయ్యలేదు, కౌలుకే ఇస్తారు కదా. చేసేవాడికి సర్కారు రూపాయి ఇవ్వదు, విత్తనం అతనిదే, అప్పు అతనిదే, వాన రాకపోతే ఏడుపూ అతనిదే. భరోసా మీరు తీసుకుంటూ కౌలు కూడా నిండుగా అడగొద్దు. ఎకరానికి రెండు మూడు వేలైనా తగ్గించు, మీ నాన్న తగ్గించేవాడు.

వచ్చే ఆదివారం వస్తావా? సోమవారం సెలవు పెట్టుకుని రా, ఆదివారం ఏ ఆఫీసూ తెరవదు.

మీ పెద్దనాన్న