ముందు కౌంటర్ దగ్గర కూర్చో

గుంటూరు,
ఆదివారం.

చి. సింధుకి,

మామయ్య ఆశీస్సులు. మీ ఆస్పత్రిలో డేటా గవర్నెన్స్, అంటే రోగుల వివరాలు సరిగ్గా రాయించి భద్రంగా ఉంచే బాధ్యత నీకిచ్చారని, మూడు నెలల్లో పాలసీ రాసిమ్మన్నారని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉందని మొన్న ఫోన్‌లో చెప్పావు. నా దగ్గర ఫార్మాట్ ఏదైనా ఉంటే పంపమన్నావు. ఉంది, కానీ పంపను. పంపితే ఆస్పత్రి పేరు మార్చి సంతకాలు పెట్టించేస్తావు, అది కాస్తా బీరువాలోకి వెళ్లిపోతుంది. ముప్పై ఏళ్లు మెడికల్ రికార్డుల సెక్షన్‌లో పనిచేసినవాణ్ణి, అలాంటివి నేనే రెండు తయారుచేశాను. వాటిని మళ్లీ తెరిచి చూసినవాడు లేడు.

ముందు ఒక వారం రిజిస్ట్రేషన్ కౌంటర్లో కూర్చో. కంప్యూటర్ ముందు ఉండే అమ్మాయి పక్కన స్టూల్ వేసుకో. సోమవారం పొద్దున్నే వెళ్లు, అసలు రద్దీ అప్పుడే. లైన్లో యాభై మంది, మనిషికి నిమిషం. ఇంటిపేరు ముందు రాయాలా వెనక రాయాలా అన్నది ఆ అమ్మాయికి ఎవరూ చెప్పి ఉండరు. లక్ష్మిని ఇంగ్లిషులో ఎన్ని రకాలుగా రాస్తారో చూస్తావు. వెంకటలక్ష్మి ఒకసారి ఒక్క మాట, ఇంకోసారి రెండు మాటలు. పుట్టినతేదీ అడిగితే మావైపు పెద్దావిడలు "ఉప్పెన వచ్చినప్పుడు నాకు ఇద్దరు పిల్లలమ్మా" అంటారు. 1977 ఉప్పెన. ఆ లెక్క కట్టే తీరిక కౌంటర్లో ఎవరికుంటుంది? వయసు డెబ్భై అని కొడితే మెషీనే జనవరి 1 పెట్టేస్తుంది. మీ సిస్టమ్‌లో జనవరి 1న పుట్టినవాళ్లు ఎంతమందో ఒకసారి లెక్క తీయించు. ముందు నవ్వొస్తుంది, తర్వాత భయమేస్తుంది.

భయం ఎందుకంటే, నేను చేసిన తప్పు అక్కడినుంచే వచ్చింది. ఒక వేసవిలో ఒకే రోగికి రెండుసార్లు పడ్డ డూప్లికేట్ నంబర్లన్నీ కలిపేసే పని మా సెక్షన్‌కి పడింది. రోజుకి ఎన్ని కలిపానో బోర్డు మీద రాసుకునేవాణ్ణి, అదో గొప్ప. ఒకే పేరు, ఒకే ఊరు, వయసులో ఏడాది తేడా ఉన్న రెండు నంబర్లు కనబడితే ఒకరే అనుకుని కలిపేశాను. వాళ్లు ఇద్దరు. ఒకావిడ పాత కేస్ షీట్ అట్ట మీద ఎర్ర ఇంకుతో "పెన్సిలిన్ పడదు" అని ఉంది. కలిపాక స్క్రీన్ మీద మిగిలింది రెండో ఆవిడ రికార్డు, అందులో అలర్జీ గడి ఖాళీ. కొన్నాళ్లకి మొదటావిడ అడ్మిట్ అయింది. ఇంజెక్షన్‌కి ముందు స్టాఫ్ నర్సు అలవాటుకొద్దీ "ఏ మందైనా పడదా అమ్మా?" అని నోటితో అడిగింది కాబట్టి సరిపోయింది. స్క్రీన్‌ని నమ్మి ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు. ఆ సాయంత్రం బోర్డు తుడిచేశాను.

అప్పట్నుంచీ ఇద్దరు మనుషులు వేర్వేరుగా చూసి ఒప్పుకుంటేనే నంబర్లు కలిపేవాళ్లం. భర్తదో తండ్రిదో పేరు, ఫోన్ నంబరు, పాత షీటు మీది సంతకమో వేలిముద్రో, ఇవి కలవాల్సిందే. కలిపినదాన్ని విడదీసే వీలుండేలా పాత నంబరు చెరపకుండా ఉంచాం. నీ పాలసీలో ఈ మూడు వాక్యాలుంటే చాలు, "నాణ్యమైన డేటా సంస్థకు మూలధనం" లాంటి మాటలు ఎవరికోసం?

అలర్జీ గడి తప్పయితే జవాబు ఎవరు చెప్పాలి? ఎవర్ని అడిగినా ఐటీ అంటారు. ఐటీ వాళ్లు బీరువా చేసిచ్చే వడ్రంగులు, లోపల ఏం పెట్టారో వాళ్లకేం తెలుసు? అలర్జీకి నర్సింగ్ సూపరింటెండెంట్, అడ్రసుకీ ఫోన్‌కీ ఫ్రంట్ ఆఫీస్ మేనేజర్, జబ్బు పేరుకి వైద్యం చేసిన డాక్టరు. ఇలా ఒక్కోదానికీ ఒక మనిషి పూచీ ఉండాలి. శాఖ పేరు రాస్తే ఒప్పుకోకు, మనిషి పేరు రాయించు. ఈ ఒక్క కాగితం కోసం నీకు బోలెడన్ని మీటింగులు పడతాయి. డాక్టర్లతో మరీ కష్టం. అయినా వదలకు, మిగతాదంతా దీని మీదే నిలబడాలి.

ఫోన్ నంబరు సంగతి విడిగా చెప్పాలి. మాకు ఒక కుర్రాడి రక్తపరీక్ష రిపోర్టు ఎస్సెమ్మెస్‌లో పోయింది, టెస్టు పేరుతో సహా. రిజిస్ట్రేషన్‌లో ఉన్న నంబరు అతనిది కాదు, ఆస్పత్రికి తీసుకొచ్చిన బావది. ఆ కుర్రాడు అరవలేదు. కౌంటర్ ముందు నిలబడి "మా బావకెందుకు పంపారండీ?" అని మెల్లగా అడిగాడు. మా దగ్గర జవాబు లేదు. హెచ్‌ఐవీ వివరాలు బయటపెట్టకూడదని 2017లోనే విడిగా చట్టం వచ్చింది, కానీ చట్టం తెలిసినవాళ్లెవరూ ఆ మెసేజ్ రాయలేదు, సాఫ్ట్‌వేర్ కంపెనీ రాసింది. తర్వాత మేం రెండు మార్చాం. మెసేజ్‌లో "మీ రిపోర్టు సిద్ధంగా ఉంది" అన్నంతవరకే. కౌంటర్లో ఒక ప్రశ్న అదనం: "ఈ నంబరు ఎవరిది?"

ఇక ఫారం. ప్రతి గడి మీదా వేలు పెట్టి ఇదెందుకని అడుగు. మా ఫారంలో కులం గడి ఉండేది, పాత ఫారంలోంచి అలాగే వచ్చేసిందన్నారు. డబ్బు కట్టి ఓపీ చూపించుకునేవాడి దగ్గర ఆధార్ జిరాక్స్ ఎందుకు? పథకం కింద వచ్చేవాళ్లకి కావాలంటే అర్థముంది. తీసుకోని కాగితాన్ని కాపాడే పని లేదు కదా.

2023 డేటా రక్షణ చట్టం నువ్వు నాకంటే బాగా చదివే ఉంటావు. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలకి 18 నెలల గడువిచ్చారు. "2027 దాకా టైముంది కదమ్మా" అని మీ మేనేజ్‌మెంట్ అంటుంది, రాసిపెట్టుకో. జాగ్రత్తలు లేక డేటా పోతే జరిమానా 250 కోట్ల దాకా ఉందని చెప్పు, ఆ అంకెకి తల ఎత్తి చూస్తారు. రోగి వివరాలు తీసుకునేముందు ఇచ్చే సమ్మతి నోటీసు తెలుగులో కూడా ఇవ్వాలి, ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో మనదీ ఉంది. దాన్ని మెషీన్ తర్జుమాకి వదిలేయకు. చట్టంలో రోగిని డేటా ప్రిన్సిపల్ అంటారు. దాన్ని అలాగే తెలుగులో పెడితే కాలేజీ ప్రిన్సిపాల్ గారు ఎందుకొచ్చారా అనుకుంటారు జనం. నువ్వే రాసి, మీ ఆయాలకి చదివి వినిపించు, వాళ్లకి అర్థమైతే అచ్చు వేయించు. ఇంకో మాట, ప్రాణం మీదికొచ్చి క్యాజువాలిటీకి వచ్చినవాళ్ల దగ్గర సమ్మతి ఫారంతో ఎవర్నీ నిలబడనివ్వకు. అలాంటి అత్యవసరానికి చట్టమే మినహాయింపిచ్చింది.

వార్డుల్లో ఒకే లాగిన్‌ని ఆరుగురు వాడుతుంటారు, పాస్‌వర్డ్ మానిటర్‌కి అంటించి ఉంటుంది. చూడగానే సర్క్యులర్ వేయాలనిపిస్తుంది. వేయకు. కొత్త నర్సుకి లాగిన్ రావడానికి ఎన్ని రోజులు పడుతోందో ముందు కనుక్కో. మా దగ్గర పదిహేను రోజులు పట్టేది. ఈలోపు ఆ పిల్ల మందుల ఇండెంట్ ఎలా పెడుతుంది? చేరినరోజే లాగిన్ ఇచ్చాక పాస్‌వర్డ్ చీటీలు చాలావరకు వాటంతటవే పోయాయి. ఆ తర్వాత ఎవరి రికార్డు ఎవరు తెరిచారో నెలనెలా చూడు. ఎక్కువగా దొరికేది దొంగలు కాదు, ఎదురింటి కోడలు ఎందుకు అడ్మిట్ అయిందో తెలుసుకుందామనుకునేవాళ్లు.

ఎన్నాళ్లుంచాలి, ఎప్పుడు పారేయాలి అన్నదానికి ఒకే జవాబు లేదు. ఇన్‌పేషెంట్ రికార్డులు కనీసం మూడేళ్లు ఉంచాలని, రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని డాక్టర్ల నియమావళి 2002 నుంచీ చెబుతోంది. పోలీసులతో ముడిపడ్డ ఎంఎల్‌సీ కేసులైతే కోర్టులో తేలేదాకా ముట్టుకోకూడదు. పారేసేటప్పుడు ముక్కలు చేయించు. ఒకవైపు ఖాళీగా ఉన్న ప్రింట్లని రఫ్ పేపర్లుగా వాడటం మా దగ్గర పొదుపు కింద లెక్క. ఒక క్లర్కు వాటిని ఇంటికి తీసుకెళ్తే, వాళ్ల బాబు ఎక్కాలు రాసిన కాగితం వెనక ఎవరిదో స్కానింగ్ రిపోర్టు.

రేపో మాపో ఎవరో కంపెనీవాళ్లు వస్తారు. పేర్లు తీసేసిన డేటా ఇవ్వండి, ఏఐకి నేర్పిస్తాం అంటారు. అప్పుడు మీ పెద్దవాళ్లకి మసాచుసెట్స్ సంగతి చెప్పు. 1990ల్లో అక్కడి ప్రభుత్వోద్యోగుల ఆస్పత్రి రికార్డుల్ని పేర్లు తీసేసి పరిశోధనకిచ్చారు. లతాన్యా స్వీనీ అనే విద్యార్థిని ఓటర్ల జాబితా కొనుక్కొచ్చి పుట్టినతేదీ, ఆడా మగా, పిన్‌కోడ్ లాంటి జిప్ కోడ్, ఈ మూడూ పోల్చి చూసింది. ఏకంగా గవర్నర్ విలియం వెల్డ్ రికార్డే దొరికింది. మన దగ్గర ఊరి పేరు, వయసు, డయాలసిస్ అని ఉంటే చాలు, ఆ ఊళ్లో టీకొట్టు దగ్గర ఎవర్నడిగినా మనిషిని చూపిస్తారు. ఇవ్వొద్దనడం లేదు. వయసుని పదేళ్ల అంతరంగా, ఊరిని జిల్లాగా మార్చి, అగ్రిమెంట్లో వెనక్కి గుర్తుపట్టే ప్రయత్నం చేయకూడదని రాయించుకుని, అప్పుడు ఆలోచించండి.

డేటా పోయినరోజు ఏం చేయాలన్నది ఒక్క పేజీ రాసుకో. సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సర్ట్-ఇన్‌కి ఆరు గంటల్లో చెప్పాలి కాబట్టి ఆదివారం రాత్రి ఎవరు ఫోన్ ఎత్తుతారో పేరుతో ఉండాలి. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు పడిపోయినప్పుడు రోజుల తరబడి చేత్తో రాసుకోవాల్సి వచ్చింది. మీ దగ్గర అచ్చేసిన ఓపీ చీటీలు ఎన్ని కట్టలున్నాయో చూడు. బ్యాకప్ ఉందంటే నమ్మకు, ఒక్కసారి వెనక్కి తెప్పించి చూపించమను.

మీ అత్తయ్య నిన్ను అడిగినట్టు చెప్పమంది, కొత్తావకాయ పంపిస్తుందట.

అన్నట్టు, మొన్న వాట్సాప్‌లో మీ రిజిస్ట్రేషన్ ఫారం ఫొటో పెట్టావు చూడూ, అది ఖాళీ ఫారం కాదు. ఒకావిడ పేరు, ఫోన్ నంబరు, ఏ డాక్టర్ దగ్గరకొచ్చిందో అంతా కనిపిస్తోంది. నా ఫోన్లో చాట్‌లోంచీ గ్యాలరీలోంచీ తీసేశాను. నువ్వూ నీ ఫోన్లోంచి తీసేసి, ఖాళీది పంపు.

మీ మామయ్య