అల్లుడూ, ఆ తుస్సుమనే శబ్దం విను

అల్లుడూ,

నువ్వు ఆటోనగర్‌లో టిప్పర్ల బ్రేకు పనికి చేరుతున్నావని నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మన ఇంట్లో నా తర్వాత పానా పట్టేవాడివి నువ్వేనని ఎంత సంతోషమేసిందో, రాత్రంతా అంత టెన్షన్. నిద్ర పట్టలేదు.

బండి కిందికి దూరేముందు చక్రాలకు అడ్డు పెట్టు. బ్రేకులకు గాలినిచ్చే ట్యాంకుల్లో చేరే నీళ్లు రోజూ వదులు. చక్రం దగ్గర బ్రేకును నొక్కే డబ్బా ఉంటుందే, ఆ స్ప్రింగ్ బ్రేక్ చాంబర్ క్లాంపు మాత్రం విప్పకు, లోపలి స్ప్రింగ్ ఎగిరొస్తే మనిషి మిగలడు.

ఇక రిలే వాల్వు, అంటే ట్యాంకు గాలిని వెనక బ్రేకు చాంబర్లకు వదిలే కవాటం. పెడల్ తొక్కితే ఫుట్ వాల్వు గాలి సన్న పైపులో వెనక్కి వెళ్లి రిలే పిస్టన్‌ను కిందికి నొక్కుతుంది. గాలి బయటికి పోయే ఎగ్జాస్ట్ దారి మూసుకుంటుంది, లోపలికి వచ్చే ఇన్‌లెట్ దారి తెరుచుకుంటుంది, ట్యాంకులో 8 బార్ దాకా ఉన్న గాలి నేరుగా చాంబర్లకు పోతుంది. పిస్టన్‌కు పైనా కిందా ఒత్తిడి సమానం కాగానే ఇన్‌లెట్ మూసుకుంటుంది కాబట్టే ఎంత తొక్కితే అంత బ్రేకు పడుతుంది. కాలు తీస్తే వాడిన గాలి ఎగ్జాస్ట్ నుంచి తుస్సుమని పోవాలి.

నాకు 24 ఏళ్లప్పుడు, కాలు తీసినా ఎగ్జాస్ట్ నుంచి గాలి కారుతూనే ఉన్న టిప్పర్ ఒకటి వచ్చింది. రాత్రయింది, రిపేరు కిట్టు దొరకలేదు, ఓనరు నెత్తి మీద నిలబడ్డాడు. నేనేం చేశానంటే, ఎగ్జాస్ట్‌లో రబ్బరు ముక్క దోపి తీగతో బిగించేశాను. చప్పుడు ఆగింది, మీటరు ముల్లు కదల్లేదు, ఓనరు భుజం తట్టాడు. కారే గాలికి దారి మూసేస్తే అది చాంబర్లలో చేరి బ్రేకు దానంతటదే పట్టేస్తుందని నాకు తట్టలేదురా. లోడుతో బండి హయత్‌నగర్ దాటేసరికి వెనక చక్రాలు పొగలు కక్కాయి. మేం వెళ్లేసరికి టైరు మండుతోంది, పదహారేళ్ల క్లీనరు పిల్లాడు కనుబొమ్మలు కాలిపోయి దోసిళ్లతో మట్టి పోస్తున్నాడు. మంట ఆరాక మా ఉస్తాద్ ఒక్క మాటా అనకుండా ఆ రబ్బరు ముక్క నా చేతే పీకించాడు. తుస్సుమంది, చక్రం వదిలింది. ఆ పిల్లాడి ముఖం ఇప్పటికీ కళ్లముందే ఉంది.

అలా గాలి కారితే ముందు పార్కింగ్ బ్రేకు వేసి చూడు. ఆగిందా, స్ప్రింగ్ చాంబర్ సీలు పోయినట్టు. ఆగలేదా, రిలే ఇన్‌లెట్ సీటులో చెత్తో నూనో చేరి ఉంటుంది, లేదా రబ్బరు అరిగి ఉంటుంది. ట్యాంకు గాలి మొత్తం వదిలాకే విప్పు. విప్పి బాగుచేసేవరకూ బండిని గేటు దాటనివ్వకు, ఓనరు ఎంత అరిచినా సరే. మరీ ఒత్తిడి చేస్తే నాకు ఫోన్ కలుపు, రాత్రి రెండైనా ఎత్తుతాను, నేను మాట్లాడతాను.

వేళకు తిను నాన్నా. ఈ మంట సంగతి మాత్రం మీ అమ్మకు చెప్పకు, ఆమె నిన్ను గడప దాటనివ్వదు.

నీ మామయ్య